ఆల్మెటా కాఫీ డబ్బా

ఆల్మెటా ప్రూయిట్ ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూసింది మూడే మూడుసార్లు. మొదటిది వాళ్ళాయన అంత్యక్రియలప్పుడు, చర్చిలో ముందు వరసలో. రెండోది స్కూలు బోర్డు మీటింగులో, తన పేరు పిలిచేదాకా. మూడోసారి సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. మేం స్కూల్లో కలిసి పనిచేసిన ఇరవై ఏడేళ్ళలో మిగతా రోజులన్నీ ఆవిడ ఏదో ఒకటి ఉతుకుతూనో, ఆరేస్తూనో, గోకుతూనో, ఎవరినో ఒకరిని తిడుతూనో నిలబడే ఉంది.

మాది టాలిసన్. అమెరికాలో జార్జియా రాష్ట్రం దక్షిణ కొసన నాలుగు వేరుశనగ చేలు, ఒక కోళ్ళ ఫ్యాక్టరీ, పద్నాలుగు చర్చిలు. శుక్రవారం సాయంత్రం హైస్కూలు ఫుట్‌బాల్ ఆట ఉందంటే ఊళ్ళో దొంగలు కూడా పని మానుకుని చూడ్డానికి వస్తారు. జట్టు బస్సు నేను నడుపుతాను, నా పేరు హోరస్ టిల్మన్. జట్టు బట్టలు, బూట్లు, హెల్మెట్లు ఆల్మెటా చూసుకుంటుంది. జిమ్ వెనక కిటికీ లేని గది ఆవిడది. రెండు ఉతికే మెషీన్లు, రెండు ఆరబెట్టే మెషీన్లు, ఒక పొడుగు బల్ల. బస్సు కడగడం అయ్యాక నేనక్కడికి కాఫీకి వెళ్తాను. ఆ కాఫీ బావుండదు. అయినా వెళ్తాను.

మా హెల్మెట్ల వెనక అగ్గిపెట్టెంత జెండా స్టిక్కరు ఉంటుంది. న్యూయార్కులో జంట భవనాలు కూలిన ఏడాది అది మొదలైంది. అప్పుడు తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అందరం ఏడ్చాం, అందరం అంటించుకున్నాం. తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆల్మెటా తప్ప. మా ఫుట్‌బాల్‌లో బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేవాణ్ణి గుద్ది పడెయ్యాలి, తలకి తల తగులుతుంది. చెమట, వాన, బురద. ఒక్కో ఆటలో పదో ఇరవయ్యో స్టిక్కర్లు ఊడి పడతాయి. శనివారం పొద్దున్నే ఆల్మెటా ఎర్ర కాఫీ డబ్బా పట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, వంగి వంగి వాటిని ఏరుతుంది. గురువారం కొత్తవి అంటిస్తుంది. ఏరినవాటిని చెత్తబుట్టలో వెయ్యదు. ఏటా జూన్‌లో జెండా రోజున ఆ డబ్బా తెచ్చి మా మాజీ సైనికుల సంఘానికి ఇస్తుంది. చిరిగిపోయిన జెండాల్ని ఆ రోజు మేం వరసగా నిలబడి, సెల్యూట్ చేసి, కాల్చి సాగనంపుతాం. మొదటి ఏడాది ఆ డబ్బా చూసి నేను పగలబడి నవ్వాను.

"ఇవి జెండాలేంటి ఆల్మెటా? జామ్ సీసా మీద కాగితం లాంటివి."

"నక్షత్రాలు యాభై ఉన్నాయా, లేవా?"

"ఇంత చిన్నదాంట్లో ఎవరు లెక్కపెడతారు?"

"నేను పెట్టాను. ఉన్నాయి. కాల్చు."

కాల్చాను. ఈ విషయంలో ఆవిడతో వేళాకోళం పనికిరాదని తర్వాత అర్థమైంది. ఆవిడ అన్న ఓటిస్ అరవై తొమ్మిదిలో వియత్నాంలో పోయాడు. శవపేటిక మీద కప్పిన జెండాని సైనికులు ముక్కోణంగా మడిచి వాళ్ళమ్మ చేతిలో పెట్టారు. ఆ వారమే ఊరి శ్మశానం వాళ్ళు, నల్లవాడికి ఇక్కడ చోటు లేదన్నారు. మా చర్చి వెనక పూడ్చాం. ఆల్మెటాకి అప్పుడు పదమూడేళ్ళు. "జెండా ఇచ్చారు గాని ఆరడుగుల నేల ఇవ్వలేదు" అని వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది. అంటూనే ప్రతి ఆదివారం ఆ జెండా పెట్టె అద్దం తుడిచేది. ఇప్పుడు ఆల్మెటా తుడుస్తుంది. నేనూ సైన్యంలో చేశాను గాని, జర్మనీలో రెండేళ్ళు బంగాళాదుంపలు ఒలిచి వచ్చినవాణ్ణి. నా సంగతి వదిలెయ్యండి.

ఆ ఏడాది దేశమంతా ఒకటే రగడ. జాతీయ గీతం పాడుతుంటే పెద్ద జట్లలో నల్ల ఆటగాళ్ళు కొందరు మోకాలి మీద కూర్చుంటున్నారు, పోలీసుల చేతుల్లో మావాళ్ళు చచ్చిపోతున్నారని. టీవీ పెడితే అదే, మంగలి షాపుకి వెళ్తే అదే. అలాంటిది మా ఊరికి రాకూడదని స్కూలు బోర్డు ఆగస్టులోనే ఒక కాగితం తయారు చేసింది. గీతం పాడేటప్పుడు నిలబడతాను, ఇచ్చిన బట్టలు ఇచ్చినట్టే వేసుకుంటాను అని ప్రతి ఆటగాడూ సంతకం పెట్టాలి. ఆ ఆలోచన డేల్ స్ట్రిక్‌ల్యాండ్‌ది. తెల్లవాడు, ట్రాక్టర్ల షాపు ఓనరు, బోర్డు అధ్యక్షుడు, మా పన్నెండో నంబరు కుర్రాడి తండ్రి. జట్టులో యాభై ముగ్గురు, అందులో ముప్ఫై ఐదుమంది మా పిల్లలే. అందరూ సంతకాలు పెట్టారు. పెట్టకపోతే ఆట లేదు మరి.

నలభై నాలుగో నంబరు కార్డెల్ గ్లోవర్ కూడా పెట్టాడు. ఎదుటివాడు బంతి పట్టుకుని దూసుకొస్తుంటే వాణ్ణి మట్టి కరిపించడం కార్డెల్ పని. మైదానంలో వాడికి ఎదురెళ్ళడానికి భయపడతారు. బయట మాత్రం వాడి నోట్లోంచి మాట రావాలంటే మనం పది మాటలు ఖర్చు పెట్టాలి. వాడి అన్న లామోంట్ రెండేళ్ళు సైన్యంలో చేసి వచ్చి గోడౌన్లో పనికి కుదిరాడు. జూలైలో ఒకరోజు కారు వెనక లైటు వెలగడం లేదని ఊరి బయట పోలీసు ఆపాడు. మాటా మాటా పెరిగింది. పోలీసు లామోంట్ ముఖాన్ని తన కారు బానెట్‌కి అదిమిపెట్టి చెయ్యి వెనక్కి విరిచాడు, భుజం కీలు ఊడింది. పక్క సీట్లో కార్డెల్ ఉన్నాడు. అక్టోబరు మొదట్లో, పోలీసు తప్పేం లేదని ఆ కేసు మూసేశారు.

ఆ వారం ఆట అయ్యాక శనివారం పొద్దున ఆల్మెటా బల్ల మీద ఒక స్టిక్కరు కనబడింది. మడత పడకుండా, మైనం కాగితం మీద పెట్టి ఉంది. నలభై నాలుగో హెల్మెట్ వెనక ఖాళీగా ఉంది. ఆవిడ మురిసిపోయింది.

"చూశావా హోరస్! ఇన్నేళ్ళలో ఊడిపోయినదాన్ని తెచ్చి ఇచ్చినవాడు వీడొక్కడే. తల్లి పెంపకం అంటే అది."

గురువారం కొత్తది అంటించింది. శనివారం అది మళ్ళీ బల్ల మీదే ఉంది. ఆ హెల్మెట్ ప్లాస్టిక్‌లోనే ఏదో లోపం ఉందనుకుంది. మూడో వారం స్పిరిట్‌తో తుడిచి అంటించింది. మళ్ళీ బల్ల మీదికే వచ్చింది. ఇక ఆవిడకి పంతం వచ్చింది. నాలుగో వారం గురువారం ఇంటి నుంచి జుట్టు ఆరబెట్టే మెషీను తెచ్చి, హెల్మెట్ వేడి చేసి, స్టిక్కరు పెట్టి, చెంచా వెనక భాగంతో అరగంట రుద్దింది. "ఇప్పుడు ఊడమను చూద్దాం" అంది. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ భేష్ అన్నాను. మా ఇద్దరి బుర్రలూ కలిపితే ఒక బుర్ర కాదని అప్పుడు తెలీలేదు.

ఆ శుక్రవారం ఆట గెలిచాం. ఆట అయ్యాక పిల్లలు వరసగా చేతులు కలుపుతుంటే డేల్ స్ట్రిక్‌ల్యాండ్ కార్డెల్ వెనకే నిలబడ్డాడు. హెల్మెట్ వెనక జెండా ఉండాల్సిన చోట కత్తితో గోకిన గీతలున్నాయి, తెల్లగా, కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. డేల్ ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. మేం ఇళ్ళకి చేరేలోపు అది ఊరందరి ఫోన్లలోకీ చేరింది.

శనివారం బల్ల మీద ఒక కాగితం పొట్లం ఉంది. విప్పితే లోపల స్టిక్కరు ముక్కలు. ఎర్ర చారలు, తెల్ల చారలు, గోరంత నీలం. ఆల్మెటా వాటిని అరచేతిలో పోసుకుని చూసింది. కార్డెల్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఆవిడ వచ్చేదాకా ఆగినట్టున్నాడు.

"ఏంటిరా ఇది?"

"ఇక అంటించకండి, మిస్ ఆల్మెటా."

"అంటే... మొదటిదీ నువ్వే తీశావా?"

"అన్నీ నేనే తీశానండీ."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా! నెల రోజులు మొద్దులా అంటిస్తూ కూర్చున్నానే!"

"మీరు బాధపడతారని చెప్పలేదండీ. మీరేమో ప్రతి వారం ఇంకా గట్టిగా అంటించేస్తున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"కత్తి పెట్టావు. జెండాకి కత్తి పెట్టావురా. మా అన్న దాని కింద పడుకుని ఇంటికొచ్చాడు, తెలుసా నీకు?"

"తెలుసండీ."

"తెలిసే చేశావా?"

వాడప్పుడు నోరు విప్పాడు. జీవితంలో వాడు అన్ని మాటలు కలిపి మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

"ఆ పోలీసు కారు బానెట్ మీద ఇదే స్టిక్కరుంది. ఇంతే సైజు. మా అన్న చెంప సరిగ్గా దాని మీద పెట్టి అదిమాడు. నేను కారులోంచి చూస్తున్నాను. కదిలితే నన్నూ దించుతానన్నాడు. కదల్లేదు. మా అన్న 'నేను సైన్యంలో చేశాను సార్, సైన్యంలో చేశాను సార్' అంటూనే ఉన్నాడు. కేసు కొట్టేశాక ఆ హెల్మెట్ పెట్టుకుంటే నా తల వెనకాల అదే ఉన్నట్టుంటుంది. నిలబడతానని సంతకం పెట్టాను, నిలబడుతున్నాను. ఇది మాత్రం నా తల మీద వద్దండీ."

చెప్పి వెళ్ళిపోయాడు. ఆల్మెటా ఉతికిన బట్టలే మళ్ళీ తీసి మెషీన్లో వేసింది. అవి ఉతికినవే అని నేను చెప్పాను. "నాకు తెలీదా?" అని అరిచి బటన్ నొక్కింది.

సోమవారం సాయంత్రం బోర్డు మీటింగు పెట్టారు. ఆ శుక్రవారమే మా మైదానంలో చివరి ఆట. చివరి ఏడాది పిల్లలు ఆ రోజు తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడుస్తారు, ఒక్కొక్కరి పేరూ మైకులో చదువుతారు. మా ఊళ్ళో కొందరి పేరు మైకులో వినబడేది జన్మలో ఆ ఒక్కసారే. కార్డెల్ తన అన్నతో నడుస్తానని ఎప్పుడో చెప్పుకున్నాడు. స్టిక్కరు వాడే తీశాడని తేలితే ఆ నడకా లేదు, ఇక ఆటా లేదు. తేల్చాల్సింది హెల్మెట్లు చూసే ఆల్మెటా.

ఆదివారం ప్రార్థన అయ్యాక కోచ్ వెంబర్లీ మా చర్చి బయట చెట్టు కింద కాచుక్కూర్చున్నాడు. తెల్లవాడు, మనిషి చెడ్డవాడు కాదు, కాని ప్రతి సంగతినీ శుక్రవారం గెలుస్తామా ఓడతామా అన్న లెక్కలోనే చూస్తాడు.

"మిస్ ఆల్మెటా, జిగురు మంచిది కాదని ఒక్క మాట చెప్పండి చాలు. దానంతట అది ఊడింది, మీరే గోకి శుభ్రం చేశారు. అంతే. ఎవరికీ నష్టం లేదు."

"ఆలోచిస్తానండీ, కోచ్ గారూ."

ఆలోచించడమంటే ఆవిడ భాషలో నడవడం. ఆ మధ్యాహ్నం మా ఇంటి వరండా మీదికొచ్చి కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది. కుర్చీ వేశాను, కూర్చోలేదు. ఐస్ టీ ఇచ్చాను, గ్లాసు పట్టుకునే తిరిగింది. చూసి చూసి నాకే కళ్ళు తిరిగాయి.

"చెప్పెయ్ ఆల్మెటా. ఒక్క అబద్ధం. దేవుడికి అంతకంటే పెద్ద పనులున్నాయి."

"వాడి మీద నాకింకా కోపం పోలేదు హోరస్. ఆ ముక్కలు చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది."

"కోపం ఉంటే రెండు తిట్టు. ఆట మాన్పిస్తావా?"

"ఆట మాన్పించాలని నాకేం సరదా? జిగురు పోయిందంటే వాడు ఆడతాడు. వాడి పేరు చదువుతారు. నాకూ అదే కావాలి." గ్లాసు రైలింగు మీద పెట్టింది, మళ్ళీ తీసింది. "కాని వాడు నోరు తెరిచి చెప్పుకోలేక, నెల రోజులు నాకు వినబడక, ఆఖరికి కత్తి తీసుకుని చెప్పిన మాట అది. జిగురు పోయిందంటే వాడు ఏమీ చెప్పనట్టే. ఐదోసారి మళ్ళీ నేనే వాడి నెత్తిన అంటించినట్టు కాదూ?"

నాకు ఒళ్ళు మండింది. ఇంత చిన్న స్టిక్కరు మీద ఇంత పెద్ద ఆలోచనలేంటని అరిచాను. పిల్లాడికి మైదానం కావాలా, నీ ధర్మసూక్ష్మాలు కావాలా అన్నాను. ఆవిడ ఐస్ టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు నా చేతిలో పెట్టి, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

సోమవారం స్కూలు లైబ్రరీ కిక్కిరిసిపోయింది. ముందు బల్ల దగ్గర బోర్డు వాళ్ళు ఏడుగురు, మధ్యలో డేల్. కుడివైపు తెల్లవాళ్ళు, ఎడమవైపు మేము. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు. కార్డెల్, లామోంట్, వాళ్ళమ్మ మూడో వరసలో ఉన్నారు. లామోంట్ కుడిచెయ్యి ఇంకా సరిగా లేవదు. ఆల్మెటా చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, ఒళ్ళో కాఫీ డబ్బా పెట్టుకుని, బొమ్మలా కూర్చుంది. అదే నేను చెప్పిన రెండోసారి.

ఆగలేక ముందు నేనే లేచాను. "జెండా నియమాల పుస్తకం మా సంఘంలో ఉంది. ఆటగాళ్ళ బట్టల మీద జెండా వాడకూడదని అందులోనే రాసుంది. కావాలంటే తెచ్చి చూపిస్తా" అన్నాను.

"హోరస్, నువ్వు బస్సు చూసుకో" అన్నాడు డేల్. కుడివైపు నవ్వారు. నేను ఇంకా ఏదో అనబోతే మా పాస్టర్ నా కోటు పట్టుకుని కిందికి లాగాడు.

"ఆల్మెటా, నువ్వు లే. ఒక్క మాట చెప్తే చాలు. ఊడిందా, వాడే తీశాడా?"

డేల్ ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్న. వాడు ఆవిడని ఉత్త ఆల్మెటా అంటాడు, ఆవిడ వాణ్ణి మిస్టర్ డేల్ అంటుంది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇది మాటలతో పాటే వచ్చేస్తుంది.

ఆవిడ లేచి వెళ్ళి, డబ్బా మూత తీసి, బల్ల మీద బోర్లించింది. ఎండిన మట్టి, గడ్డిపరకలు, వాటితోపాటు కుప్పగా స్టిక్కర్లు పడ్డాయి.

"ఇవేంటి?"

"జెండాలు, మిస్టర్ డేల్. మన జట్టువే. ఆగస్టు నుంచి నూట డెబ్బై మూడు. అన్నీ నేలమీద ఏరినవే. ఇది నీళ్ళ బల్ల కింద దొరికింది. ఇది బురదలో. దీనికి చూడండి, మధ్యలో చిల్లు పడింది. ఇదేమో మీ అబ్బాయి బూటు అడుగున ముళ్ళ మధ్య ఇరుక్కుంటే చెంచాతో గోకి తీశాను. పిల్లాడికి తెలీదు, చాడీ చెప్పడం లేదు. ఆట గెలిచిన సంతోషంలో దాన్ని తొక్కుకుంటూ బస్సెక్కాడు, అంతే."

పన్నెండో నంబరు కుర్రాడు తల దించుకుని తన బూట్లు చూసుకున్నాడు.

"పదహారేళ్ళుగా ఏరుతున్నాను. ఇంతమంది ఉన్నారు కదా, ఇటువాళ్ళూ అటువాళ్ళూ. ఒక్కళ్ళు వంగి ఒక్కటి తీసి నా చేతికిచ్చిన పాపాన పోలేదు. మా హోరస్ కూడా."

అది నిజమే. నేను పైకప్పు చూశాను.

"అవన్నీ ఎందుకిప్పుడు? అడిగినదానికి చెప్పు. తీశాడా, లేదా?"

"తీశాడు."

మా వైపు ఎవరో అయ్యో అన్నారు. కోచ్ కళ్ళు మూసుకున్నాడు.

"మూడుసార్లు గోరుతో తీశాడు. నాలుగోసారి కత్తితో. అంత గట్టిగా అంటించింది నేనే, ఆ తప్పు నాది. ఎందుకు తీశాడో వాణ్ణే అడగండి, వాడి నోటితోనే చెప్తాడు. నాకు చెప్పాడు. నాకు నచ్చిందని అనను. విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు." చేతిసంచీలోంచి పొట్లం తీసింది. "తీసిన ప్రతిసారీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, మిస్టర్ డేల్. ముక్కలైతే ముక్కలు కూడా ఏరి పెట్టాడు. ఈ డబ్బాలో వాడిది ఒక్కటీ లేదు. ఎందుకంటే వాడి జెండా ఒక్కటీ నేలమీద పడలేదు."

డేల్ ఆ కుప్ప వంక చూశాడు. వాడి ముఖంలో ఏదో కదిలింది, నేను చూశాను, ఒట్టు. కాని ఊరంతా చూస్తోంది, పిల్లలచేత సంతకాలు పెట్టించిన కాగితం వాడిదే.

"అయితే ఒప్పుకున్నట్టే" అన్నాడు.

కార్డెల్‌ని ఎందుకు తీశావని ఎవరూ అడగలేదు. చేతులెత్తారు. ఐదుగురు అటు, ఇద్దరు ఇటు. ఈ ఏడాదికి కార్డెల్ గ్లోవర్ ఆట అయిపోయింది. ఆల్మెటా స్టిక్కర్లన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా డబ్బాలో వేసుకుంది. దాదాపు జనమంతా వెళ్ళిపోయేదాకా వేస్తూనే ఉంది. బయట కారు దగ్గర నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"నిజం చెప్పి ఏం సాధించావు? చెప్పు!"

"ఏమీ సాధించలేదు. నన్ను ఇంటి దగ్గర దింపు."

దింపాను. ఆ వారమంతా ఆ గదికి కాఫీకి వెళ్ళలేదు. కాఫీ లేక తలనొప్పి వచ్చింది గాని వెళ్ళలేదు.

ఆ గురువారం ఆవిడ హెల్మెట్లన్నీ మైనంతో అద్దాల్లా మెరిపించి వరసగా పెట్టింది. "స్టిక్కర్లు నేనంటించను, అంటించాలనుకున్నవాళ్ళు అంటించుకోవచ్చు" అని కోచ్‌కి చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం డేలే వచ్చాడని కోచ్ చెప్పాడు. యాభై రెండు హెల్మెట్లకి బొటనవేలితో నొక్కి పది నిమిషాల్లో అంటించేశాడు.

"మైనం ఉంది, మిస్టర్ డేల్. ముందు స్పిరిట్‌తో తుడవాలి."

"నాకు తెలుసులే, ఆల్మెటా."

సాయంత్రానికి వాన పట్టుకుంది. పెద్ద వాన కాదు, ఆగని తుంపర. చివరి ఏడాది పిల్లలు తల్లుల చేతులు పట్టుకుని ఒక్కొక్కరే నడిచారు, పేర్లు చదివారు. నలభై నాలుగు దగ్గర చదివేవాడు ఆగకుండా నలభై ఏడుకి వెళ్ళిపోయాడు. కార్డెల్, లామోంట్ జనం కూర్చునే గ్యాలరీలో పైమెట్టు మీద గొడుగు లేకుండా ఉన్నారు. జాతీయ గీతం మొదలవగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. లామోంట్ ఎడమచేత్తో టోపీ తీశాడు, కుడిచెయ్యి లేవదు కదా. నేను మైదానం పక్కన ఆపిన బస్సు మెట్టు మీద నిలబడి అటే చూస్తున్నాను. గీతంలో ఒక్క ముక్క కూడా పాడలేదు. ఆ రాత్రి ఓడిపోయాం. కార్డెల్ ఉంటే ఓడేవాళ్ళం కాదు, అది అందరికీ తెలుసు.

శనివారం పొద్దున ఇక పంతం చాలనుకుని మైదానానికి వెళ్ళాను. ఆవిడ నడుం సంగతి నాకు తెలుసు. డేల్ అంటించిన స్టిక్కర్లు మైనం మీద, వానలో ఎన్ని నిలిచి ఉంటాయో కూడా తెలుసు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక చెయ్యి వేద్దామనుకున్నాను. గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆల్మెటా కంచె పట్టుకుని నిలబడి ఉంది, లోపలికి వెళ్ళకుండా.

మైదానంలో ఇద్దరు మనుషులు వంగి నడుస్తున్నారు. ముందు కార్డెల్, గడ్డి రెండు చేతులా విడదీసి చూసుకుంటూ. వెనకే లామోంట్, ఎడమచేత్తో ఎర్ర కాఫీ డబ్బా పట్టుకుని. కార్డెల్ ఒకటి తీశాడు. ప్యాంటుకి రుద్ది మట్టి తుడిచాడు. డబ్బాలో వేశాడు.

నేను జేబులోంచి ఫోన్ తీశాను. "ఇది ఊరంతా చూడాలి. డేల్ ముఖాన కొట్టాలి" అన్నాను.

ఆల్మెటా నా చెయ్యి కిందికి నొక్కేసింది. "వద్దు. వాడి ఫోటో ఇప్పటికే ఊరంతా చూసింది."

మేం లోపలికి వెళ్ళాం. ఆవిడ కార్డెల్ ఎదురుగా నిలబడింది. ఏం అనాలో తోచక తిట్టింది.

"నీకేం పట్టిందిరా? నిన్ను తీసేశారు. ఇవి నీవి కూడా కావు."

"మీకు నడుం నొప్పి కదండీ" అన్నాడు కార్డెల్.

నేను లాండ్రీ గదికి వెళ్ళి హెల్మెట్లు చూసి వచ్చాను. యాభై రెండింటిలో నిలిచినవి తొమ్మిది. అంటే నేలమీద నలభై మూడు ఉండాలి. ఆ పొద్దున డబ్బాలో పడినవి లామోంట్ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. నలభై ఒకటి.

"చాల్లే నాయనా" అంది ఆల్మెటా. "ఇద్దరూ ఇంటికి పొండి. మీ అమ్మ చూస్తుంటుంది."

"ఇంకా రెండున్నాయి, మిస్ ఆల్మెటా. మీరు కూర్చోండి."

నలభై నాలుగో నంబరువాడు కూర్చోవాల్సిన బెంచీ ఇంకా తడిగానే ఉంది. ఆవిడ వేసుకున్న కోటుతోనే దాని మీద కూర్చుంది. రెండూ దొరికేదాకా లేవలేదు.